మొదటి నీళ్ళు

“కడగొద్దే!” అని అరిచాను.

మా మనవరాలు ఉలిక్కిపడి కుళాయి కట్టేసింది. చేతిలో ఎండిన నల్లటి పట్టీ, దాని మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొడి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆఫీసు నుంచి వస్తూ ఏదో పెద్ద అంగట్లో కొనుక్కొచ్చిందట. జపాన్ వాళ్ళు చారులో వేసుకునే సముద్రపు నాచట. “ఏమైంది తాతా, బూజు పట్టుండాది, కడగద్దా?” అంది. బూజు కాదన్నాను. “ఉప్పా?” అంది. ఉప్పొక్కటే కాదన్నాను. “మరేంది, చెప్పు!” అంది. నా గదిలోకి వెళ్ళి తలుపు దఢాలున వేసుకున్నాను. మా మహదేవపుర ఫ్లాట్లలో తలుపు గట్టిగా వేస్తే పక్కవాళ్ళు వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తారు. చేసుకోనీ.

ఎనభై దాటినవాడికి ఇంత కోపమేమిటని ఇంట్లో అనుకుంటారు. పట్టీ మీద కాదు, పిల్ల మీదా కాదు. ఆ తెల్లపొడి చూడగానే నాకు ఒక మనిషి గుర్తొచ్చింది. ఆమె గుర్తొస్తే నాకు దుఃఖం రాదు, కోపమే వస్తుంది.

ఆమె పేరు నాకు తెలుసు, రాయను. మా లేబరేటరీలో రెండేళ్ళు పనిచేస్తే ఒక్క కాయితంలోనూ ఆ పేరు రాయలేదు. హాజరు పట్టీలో ‘కడిగే మనిషి’ అని ఉండేది. నోటితో పిలవాల్సి వస్తే అందరూ నాచమ్మ అనేవాళ్ళు, నాచు కడుగుతుంది కనక. నేనూ అన్నాను. అప్పుడు ఎవరికీ అక్కర్లేని పేరు ఇప్పుడు నా రాతకి అందం కోసం ఎందుకు? ఆమె అనే రాస్తాను.

యాభైల చివర, అరవైల మొదట్లో సంగతి. బెంగుళూరులో మాది పెంకులు కప్పిన చిన్న లేబరేటరీ. వెనక పెరట్లో వరసగా సిమెంటు తొట్లు. నేను కొత్తగా చేరిన కెమిస్టుని, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. మాకొక కొత్త పని వచ్చింది. సముద్రపు నాచును పులియబెట్టి లాక్టిక్ యాసిడ్ తీయాలి. పెరుగుని పుల్లగా చేసేది ఆ యాసిడే. తోళ్ళు పదును చేసేవాళ్ళకి కావాలి, మందులు చేసేవాళ్ళకి కావాలి. తిండికి పనికొచ్చే చక్కెర దీనికెందుకు పాడుచెయ్యాలి, సముద్రం ఊరికే ఒడ్డున పారేసే నాచు ఉంది కదా అని మా డాక్టరుగారి ఆలోచన. మంచి ఆలోచనే. ఆ మాట ఒప్పుకోకపోతే నాది అన్యాయం అవుతుంది.

డాక్టరుగారు అంటే మా పెద్దాయన. ఇంగ్లండులో చదివొచ్చారు, మైసూరు వైపు పుట్టిన తెలుగువారు. ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనరు. చొక్కా మీద ముడత ఉండేది కాదు. చేతిలో ఎప్పుడూ పన్నీరు చల్లిన రుమాలు. ఆయన దుర్మార్గుడైతే నాకింత కోపం ఉండేది కాదు. దుర్మార్గుడితో పోట్లాడవచ్చు, నవ్వుతూ మాట్లాడే శుభ్రమైన మనిషితో ఎట్లా పోట్లాడతాం? పోట్లాడాలని అప్పుడు నాకు తోచను కూడా లేదు, అది వేరే సంగతి.

రామేశ్వరం వైపు నుంచి రైల్లో మొదటి బస్తాలు వచ్చిన రోజు అందరం పెరట్లో మూగాం. తాడు కొయ్యగానే గుప్పుమని నీచు వాసన. గుమాస్తా వాంతి చేసుకున్నాడు. మేమంతా చేపని కంటితో తప్ప ఎరగని ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. నాచు చేప కాదు, గడ్డి లాంటిదే అని బుర్రకు తెలుసు, ముక్కుకు తెలీదు. డాక్టరుగారు రుమాలు అడ్డం పెట్టుకుని, “దీన్ని కడిగేదానికి సముద్రం పక్క మనిషి ఎవరన్నా దొరుకుతారేమో చూడండప్పా, వాళ్ళకి అలవాటై ఉంటాది” అన్నారు.

అట్లా వచ్చింది ఆమె. ఒంగోలు అవతల సముద్రపొడ్డు ఊరు. ఎండుచేపలు ఆరబెట్టే ఇల్లు. భర్త పోయాక, బెంగుళూరు కంటోన్మెంటులో మిషన్ ఆస్పత్రిలో నర్సుగా ఉన్న చెల్లెలి దగ్గరికి చేరింది. చెల్లెలికిచ్చిన గదిలో ఇంకో మంచం పట్టదు. అందుకని ఏడేళ్ళ కూతుర్ని మిషన్ హాస్టల్లో పెట్టింది. నెలకొక ఆదివారం, తెలుగు ఆరాధన అయ్యాక, గంటసేపు చూడనిచ్చేవాళ్ళు. మా కాంపౌండులో పర్మినెంటు వాళ్ళకి ఒక్కో గది ఉండేది, వరసగా, పెంకులవే. వచ్చిన మొదటి వారంలోనే ఆ గదుల వైపు చూసి, “అయ్యగారూ, నాకూ ఒకటి ఇప్పిస్తారా, మా పాపని తెచ్చుకుంటా” అని అడిగింది. డాక్టరుగారు నవ్వి, “ఈ నాచులోంచి యాసిడ్ రానీ అమ్మా, నిన్ను పర్మినెంటు చేస్తా” అన్నారు. ఆ రోజు నుంచి మా యాసిడ్ కోసం మా అందరికంటే ఎక్కువగా ఎదురుచూసింది ఆమే.

విప్పిన బస్తా ముందు మేం ముక్కులు మూసుకుంటే ఆమె గొంతుక్కూర్చుంది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది. తెల్లపొడి పట్టిన రెమ్మ ఒకటి తుంచింది. ఎడమ కన్ను మూసి, నాలుక కొనతో అంటీ అంటనట్టు నాకింది. అట్లాగే కాసేపు ఉండిపోయింది, ఎక్కడో ఎవరో పిలుస్తుంటే చెవి పెట్టినట్టు.

“తియ్యగుంది బాబుగారూ” అంది నాతో.

“ఉప్పు కదమ్మా అది” అన్నాను.

“ఉప్పు ముందొచ్చుద్ది. ఉమ్మెయ్యకుండా ఆగితే ఎనక తీపొచ్చుద్ది. మీరు ఆగరు గదా.”

ఎండుచేపల బస్తా విప్పితే వాళ్ళమ్మ మొదట నాలుక మీద పెట్టుకునేదట. “కంటికి అన్నీ తెల్లగానే కనపడతయ్యి. ఏది ఉప్పో ఏది బూజో నాలిక్కే తెలుసుద్ది” అనేది. ఆమెకది చదువు. సుద్ద వచ్చినా నాకేది, పెరట్లో రాలిన ఆకు కూడా నాకేది. ఎప్పుడూ ఎడమ కన్నే మూసేది. మధ్యాహ్నం క్యారియరు విప్పి ప్రార్థన చేసుకునేటప్పుడు మాత్రం రెండూ మూసేది. ప్రార్థన మధ్యలో మేం నవ్వితే ఒక కన్ను తెరిచి మమ్మల్ని చూసి, మళ్ళీ మూసి, ఆగిన చోటి నుంచి మొదలుపెట్టేది. ఈ ఊరి చలినీళ్ళని మనిషిని తిట్టినట్టు తిట్టేది. “దీనికి జాలి లేదమ్మా, సముద్రం నయం” అని కుళాయితోనే అనేది.

ఇక కడగడం. మామూలుగా ఇసక పోవడానికి ఒకసారి జాడించి వదిలెయ్యాలి. డాక్టరుగారు ఏడు నీళ్ళు అన్నారు. ఏడు తొట్లు, ఏడుసార్లు పిసికి పిండాలి. ఏడో తొట్టి దగ్గరికి ఆయన వచ్చి, రుమాలు తీసి, వంగి వాసన చూసేవారు. నీచు తగిలితే ఎనిమిదోసారి. ఏ పుస్తకంలో ఉందండీ ఏడు నీళ్ళని? ఎక్కడా లేదు. వాళ్ళింట్లో అంటు తగిలిన గిన్నెకి చేసే పనే ఆయన సైన్సుకీ చేశారు. మేమంతా అట్లాంటి ఇళ్ళలోంచే వచ్చాం కనక ఎవరికీ వింతగా అనిపించలేదు. శుభ్రమే కదా అనుకున్నాం.

పుష్యమాసం పొద్దున్నే ఆ నీళ్ళలో చేతులు పెట్టి పెట్టి ఆమె అరచేతులు చీలిపోయాయి. అది కూడా కాదు నా కోపం. ఏ తీపి పోతోందని ఆమె మొత్తుకుందో ఆ తీపిని ఆమె చేతే పిండించి తూములో పోయించాం. అది తలుచుకుంటే పళ్ళు నూరుకుంటాను.

కడిగిన నాచుని ఉడికించి, రసం తీసి, చల్లార్చి, అందులో పాలని పెరుగు చేసే జాతి సూక్ష్మజీవుల్ని వేసి వెచ్చగా పెట్టేవాళ్ళం. పులుపు ఎక్కువైతే ఆ పులుపుకే అవి చస్తాయి. అందుకని మధ్యమధ్య సుద్దపొడి. పని సవ్యంగా జరిగితే పులుపూ సుద్దా కలిసిపోయి, చల్లారాక తెల్లగా, పేరిన నెయ్యిలాగా గింజకట్టాలి. మాకెప్పుడూ గింజకట్టలేదు. వేసిన సుద్ద వేసినట్టే అడుగున ఉండేది. నెలలు గడిచాయి. జాడీల్లో రసం కుళ్ళిపోయేది.

“ఇయ్యాల మీ పురుగులు ఏం తిన్నయ్యి బాబుగారూ?” అని రోజూ అడిగేది.

“ఏమీ తినలేదు.”

“తిండంతా తీసుకెళ్ళి తూములో పోసి, పురుగుల్ని తినమంటే ఏం తింటయ్యి?”

ఒకరోజు తొట్ల దగ్గర ఎవరూ లేరు. రెమ్మ తుంచి నా చేతిలో పెట్టింది. “ఒక్కసారి చూడండి బాబుగారూ. ఉమ్మకండి.” అటూ ఇటూ చూసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. ఇంకా ఉప్పు. ఉప్పు కరిగాక, నాలుక అంచున సన్నగా, చల్లగా, తీపి. “అవునే, తియ్యగానే ఉండాది” అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. ఒక బస్తా కడగకుండా వెయ్యమని డాక్టరుగారితో చెప్పమంది. చెప్తానన్నాను. చెప్పలేదు.

నేను చెప్పలేదని ఆమే చెప్పింది. డాక్టరుగారు వచ్చిన రోజు తడి చేతులతోనే ఆయన ముందు నిలబడి, “అయ్యగారూ, దీని మీద ఉన్నది తీపి. కడిగితే పోతంది. ఒక్క బస్తా కడగకుండా ఎయ్యండి” అంది. ఆయన కోప్పడలేదు. “పరీక్ష చేద్దాంలే అమ్మా” అన్నారు. తెల్లపొడి కుంచెతో దులిపించి, చక్కెర ఉందో లేదో చూసే నీలంరంగు మందులో వేసి, దీపం మీద కాచారు. చక్కెర ఉంటే నీలం పోయి ఎర్రగా మారాలి. మారలేదు. గాజుగొట్టం ఆమె కళ్ళ ముందు పెట్టి, “చూడమ్మా, నీలంగానే ఉండాది. ఇది ఒట్టి ఉప్పు” అన్నారు.

ఆమె గొట్టాన్ని చూసింది, ఆయన్ని చూసింది. “ఆ నీళ్ళకి నాలిక లేదు గదయ్యగారూ” అంది.

అందరూ గొల్లుమన్నారు. ఆ తర్వాత నెలలపాటు అది మా లేబరేటరీలో పెద్ద హాస్యం. ఏ పరీక్ష తప్పినా ‘దీనికి నాలిక లేదప్పా’ అనుకుని నవ్వేవాళ్ళం. ఆ నవ్వులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి, నాదే అన్నిటికంటే పెద్దది.

నవ్వులు ఆగాక ఆమె అంది: “బాబుగారు గూడా చూశారు. తియ్యగానే ఉందన్నారు.”

డాక్టరుగారు నా వైపు తిరిగారు. “నువ్వు నోట్లో పెట్టుకున్నావా అప్పా?” అన్నారు. కోపంతో కాదు, అసహ్యంతో. ఆమె చేతిలోది, ఆ నీచుది, నువ్వా అని. నేను నేల చూశాను. “సరే, ఇప్పుడు మా ముందర చూసి చెప్పు” అన్నారు. పొడి చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు వచ్చింది. ఆగాను. ఉప్పు పోయింది. తీపి వచ్చింది, ఆ రోజు కంటే బాగా వచ్చింది.

“ఉప్పే సార్” అన్నాను.

“చూస్తివామ్మా? మందూ చెప్పింది, మనిషీ చెప్పినాడు” అన్నారు డాక్టరుగారు, ఎంతో దయగా.

సాయంత్రం తొట్ల దగ్గరికి వెళ్ళాను, ఏదో సర్దిచెప్పాలని. ఆమే ముందు అంది: “పర్లేదు బాబుగారూ. నలుగురి ముందు ఎట్టా చెప్తారు. ఇంట్లో తెలిస్తే ఊరుకోరు గదా.” ఆమె తిట్టి ఉంటే బాగుండేది. అట్లా సర్దుకుని సర్దుకుని నాలాంటి పిరికివాళ్ళని మనుషులుగా చెలామణీ చేయించారు ఆమెలాంటి వాళ్ళు. ఈ విషయంలో ఆమె మీద కూడా నాకు కోపమే.

తర్వాత ఆమె చేసిన పని చెప్తాను. ఏడు నీళ్ళూ కడిగింది, ఒక్కటీ తగ్గించలేదు. కానీ మొదటి తొట్టిలో నీళ్ళు పారబోయలేదు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, గంగాళంలో పోసి, చెత్తా చెదారం మంట పెట్టి రోజంతా కాచింది. వాచ్‌మన్ అడిగితే చేతులు కాచుకోవడానికంది. రెండో రోజూ కాచింది. తొట్టెడు నీళ్ళు పచ్చడి జాడీలోకి దిగాయి. మూతికి గుడ్డ కట్టి నా బల్ల మీద పెట్టింది.

“అయ్యగారి మాట తప్పలే బాబుగారూ. ఏడు నీళ్ళూ కడిగినా. మొదటి నీళ్ళు పారబోయమని మాత్రం ఆయన చెప్పలే” అంది.

డాక్టరుగారు వారం రోజులు ఊళ్ళో లేరు. ఆ పాకంలో ఉప్పెక్కువని నీళ్ళు కలిపి, ఒక ఫ్లాస్కులో పోసి, సూక్ష్మజీవుల్ని వేసి, వెచ్చటి బీరువాలో పెట్టాను. మర్నాటికి బుడగలు. వేసిన సుద్ద కరిగిపోతోంది. ఇంకా వేశాను, అదీ కరిగింది. నాలుగో రోజు వడగట్టి చల్లార్చితే, తెల్లగా, గింజలు గింజలుగా పేరుకుంది. లైబ్రరీకి పరిగెత్తి నేను డిగ్రీకి చదివిన పుస్తకమే తీశాను. అందులోనే ఉంది: నాచు మీద పూసే ఈ తీపికి మానిటాల్ అని పేరు, ఆ నీలం మందుని ఇది ఎర్రగా మార్చదు. పరీక్షలో దీని మీద ప్రశ్న వస్తే రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ నీళ్ళకి నిజంగానే నాలుక లేదు.

ఫ్లాస్కు ఆమెకి చూపించాను. వద్దంటున్నా వేలు పెట్టి, ఎడమ కన్ను మూసి, నాకింది. “తీపి పోయింది బాబుగారూ! మీ పురుగులు తినేసినయ్యి!” అని నవ్వింది. ఆమె పళ్ళు కనపడేలా నవ్వడం అదే మొదటిసారి చూడటం. తర్వాత మెల్లగా అడిగింది, “అయితే ఇంక మా పాపని తెచ్చుకోవచ్చునా?”

“తెచ్చుకోవచ్చు” అన్నాను. ఆ మాట నేనే అన్నాను, ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

మర్నాడు డాక్టరుగారు వచ్చారు. గదిలోకి పిలిచి టైపు చేసిన కాయితాలు ముందుంచారు. మా పని మీద ఆఖరి నివేదిక. ఈ తీరపు నాచులో పులిసే చక్కెర లేదు, లాక్టిక్ యాసిడ్‌కి పనికిరాదు అని చివరి మాట. అట్ట మీద ఆయన పేరు, దాని కింద నా పేరు. నా పేరు అచ్చులో చూడటం అదే మొదలు. “నిన్ను కన్ఫర్మ్ చేయమని పైకి రాసినా అప్పా” అన్నారు.

“సార్, ఒక చిన్న విషయం ఉండాది…” అన్నాను.

“ఆ నీచు సంగతి తప్ప ఏదైనా చెప్పు” అని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, సంతకం పెట్టాను. ఆయన బెదిరించలేదు, నోరు నొక్కలేదు. ఇంకో వాక్యం నేను మాట్లాడి ఉంటే వినేవారేమో కూడా. ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నా ఆయన మీదకి నెట్టెయ్యడానికి నాకేమీ దొరకదు.

బల్ల దగ్గరికి వచ్చి ఫ్లాస్కు తీశాను. ఎవరైనా చూస్తే అడుగుతారు. సింకులో వంచేశాను. గింజలు అంత తొందరగా పోలేదు, వేడినీళ్ళు పోసి కుంచెతో తోమాల్సి వచ్చింది. జాడీ కూడా ఒంపేశాను. ఎన్నిసార్లు కడిగానో లెక్క కూడా గుర్తుంది, ఏడుసార్లు.

మర్నాడు పొద్దున ఆమె వచ్చింది. ఆ రోజు తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నా బల్ల దగ్గర ఆగింది. ఆరబెట్టే కొయ్యలకి ఫ్లాస్కు తలకిందులుగా తగిలించి ఉంది. తీసుకుని, వెలుతురుకెత్తి చూసి, మూతి దగ్గర వాసన చూసింది. ఏమీ లేదు. మళ్ళీ దాని చోట తగిలించింది.

“బాగా కడిగారు సార్” అంది.

అప్పటిదాకా నేను బాబుగారిని. ఆ మాటతో సార్‌నయ్యాను. నెలాఖరుకి నాచు పని మూసేశారు, మిగిలిన బస్తాలు గుంత తీసి పూడ్చారు, కడిగే మనిషి అక్కర్లేదన్నారు. వెళ్ళేటప్పుడు ఆ పెంకుల గదుల ముందు నుంచే వెళ్ళింది. వాటి వైపు చూడలేదు.

కొన్నేళ్ళకి నాకు పెళ్ళైంది, భార్యకి నెలలు నిండుతున్నాయి. మిషన్ ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ట్రేలో మాత్రలు పట్టుకుని ఆయా వచ్చింది. ఆమే. జుట్టు నెరిసింది. నన్ను చూసి ఏమాత్రం తడబడకుండా, నా భార్యకి రెండు తెల్లమాత్రలు ఇచ్చి, “ఎముకల బలానికమ్మా, నమిలి మింగు” అంది. క్యాల్షియం లాక్టేటు. నా ఫ్లాస్కులో పేరుకున్న సరుకే.

వరండాలో వెంటపడి పట్టుకున్నాను. పాప ఎట్లా ఉందని అడిగాను. “హాస్టల్లోనే పెద్దదైపోయింది సార్. ఇప్పుడు నాకాడికి వచ్చినా చుట్టం లాగా కూర్చుంటది” అంది. ఇంక ఆగలేక, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాను: “ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం. అది తీపే. పుస్తకంలో కూడా ఉండాది.”

ఆమె నన్ను వింతగా చూసింది. “నాకు తెలిసింది నాకే చెప్తారేంది సార్?” అంది. “చెప్పాల్సినోళ్ళకి చెప్పండి.” ట్రే తీసుకుని తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆమెను చూడలేదు. ఎప్పుడు పోయిందో, ఎక్కడ పూడ్చారో తెలీదు.

చెప్పాల్సినవాళ్ళకి చెప్పానా? డాక్టరుగారు పోయినప్పుడు సంతాపసభలో నన్ను మాట్లాడమన్నారు. మైకు నా చేతిలో ఉంది, ఎదురుగా ఆ నివేదిక చదివినవాళ్ళు, దాన్ని నమ్మి నాచు జోలికి పోనివాళ్ళు అందరూ ఉన్నారు. నేను ఆయన శుభ్రత గురించి మాట్లాడాను. పన్నీరు రుమాలు గురించి చెప్తే కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆ నివేదిక ఇప్పటికీ ఏదో బీరువాలో ఉంటుంది. అందులో ఆమె జాడ ఒక్కటే ఉంది: ‘బాగా కడిగిన నాచు’ అని రాసిన చోట, ‘కడిగిన’ అన్న ఒక్క మాటలో.

ఇదంతా రాసి తలుపు తీసుకుని బయటికి వచ్చాను. మనవరాలు నా మీద అలిగి, పట్టీని కడగకుండా పళ్ళెంలో అట్లాగే పెట్టి ఉంచింది. ఆ రోజు ఆస్పత్రిలో కడుపులో ఉన్నవాడు, నా కొడుకు, హాల్లో పేపరు చదువుకుంటున్నాడు. నేనొక ముక్క తుంచి పిల్ల చేతిలో పెట్టాను.

“నాకి చూడు.”

“ఛీ, తాతా!”

“చూడే. ఉమ్మకు.”

నాలుక మీద పెట్టుకుని ముఖం చిట్లించింది. “ఉప్పు” అంది.

“ఆగు” అన్నాను.

ఆగింది. చిట్లించిన ముఖం మెల్లగా విచ్చుకుంది.

“అరే! తియ్యగా ఉండాది తాతా!” అంది. హాల్లో ఉన్న వాళ్ళ నాన్నకీ, వంటింట్లో ఉన్న వాళ్ళమ్మకీ, అంట్లు తోముతున్న పనామెకీ అందరికీ వినపడేంత గట్టిగా అంది.